కచేరి తోటలో పుల్లని కొమ్మ

ఆ ఊరి పేరు చెప్పను. గద్వాల, వనపర్తి, కొల్లాపురం, అప్పట్లో ఆ దిక్కున ఉన్న సంస్థానాల్లో ఏదో ఒకటి అనుకోండి. చెబితే, ఇందులో వచ్చే దరోగా మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. కర్ర పట్టుకుని రాకపోయినా కాగితం పట్టుకుని వస్తారు. ఈ వయసులో నాకు తగాదాలు పడవు. వయసులో ఉన్నప్పుడు బాగానే పడేవి.

మాకు దేశమంటే ఆ సంస్థానమే, సర్కారంటే ఆ కచేరే. హైదరాబాదులో దీని మీద ఇంకో పెద్ద సర్కారు ఉందని వినడమే కానీ చూసినవాళ్లు తక్కువ. కచేరి రాతి భవనం. దాని పక్కన తోట. ఎప్పటిదో పాత రాజు వేయించాడట. నడుమ ఒక ఫవారా ఉండేది. దాంట్లో నీళ్లు చిమ్మగా నేనెన్నడూ చూడలేదు, తొండలు మాత్రం చూశాను. చుట్టూ నిమ్మకంచె, అక్కడక్కడా రాతి బల్లలు, కచేరి కిటికీకి ఎదురుగా ఒక పెద్ద మామిడిచెట్టు. ఆ చెట్టు తొలికాపు కోటలో దేవుడికి నైవేద్యం పోయాకే ఇంకెవరి నోట్లోకైనా పోవాలి. దాన్ని అందరూ తల్లిచెట్టు అనేవారు.

తోటలోకి ఎవరైనా రావచ్చు. వచ్చేవాళ్లలో షికారుకు వచ్చేవాళ్లు తక్కువ, అర్జీ పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. తెల్లబట్టలవాళ్లు తిన్నగా కచేరి మెట్లెక్కేవారు. మిగతావాళ్లు తోటలో కూర్చోవాలి. లోపల పేష్కారు వాళ్ల కాగితం తీసినప్పుడు కిటికీలోంచి ఊరి పేరు పెట్టి అరుస్తాడు. కిటికీ కింద నిలబడి చెప్పుకోవాలి. ఒకరోజు పట్టొచ్చు, ఒక ఏడాది పట్టొచ్చు. అందుకని తోటకు ఒక రివాజు ఉండేది. నీడలో కూర్చున్నవాళ్లు లేచి వెళ్లే ముందు ఆ చెట్టు మొదట్లో రెండు కడవల నీళ్లు పోయాలి. ఎవరు పెట్టారో తెలియదు. కచేరిలో ఏ పనీ జరగకపోయినా ఆ రెండు కడవలు మాత్రం జరిగిపోయేవి. ఆ తోట పచ్చగా ఉందంటే సగం పుణ్యం పేష్కారు ఆలస్యానిదే.

మా ఇంటాయన ఆ తోటలో మాలీ. కల్వకుర్తి దిక్కు మనిషి, మట్టిపని గుంపుతో వచ్చి చెట్ల దగ్గర ఆగిపోయాడు. నాది నాగర్‌కర్నూలు దాటాక, అమ్రాబాద్ అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊరు. పెళ్లయి వచ్చేనాటికి నాకు పద్దెనిమిదో, పంతొమ్మిదో. తోట మూలన మోటబావి పక్కన గుడిసె ఇచ్చారు. మాలీ పని ఉన్నన్నాళ్లే ఆ గుడిసె. పిల్లలు లేరు. ఆయన మాట తక్కువ మనిషి, నేను ఆ లోటు తీర్చేదాన్ని.

ఆయనది పుర్రచెయ్యి. తినడం ఒక్కటే కుడిచేత్తో, మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే. ఊళ్లో నవ్వేవాళ్లు. అంటు కట్టేటప్పుడు మాత్రం ఎవరూ నవ్వేవాళ్లు కారు, ఎందుకంటే ఆ దిక్కున ఆయన కట్టినట్టు అంటు కట్టేవాడు లేడు.

అంటు కట్టడం తెలియనివాళ్ల కోసం చెబుతాను. టెంక పాతితే మొలిచేది నాటుమొక్క. దాని వేరు గట్టిది, పండు పులుపు. తల్లిచెట్టు పండు తీపి. చెట్టు కింద మంచె వేసి, నాటుమొక్కను కుండీతో సహా దానిమీదికెక్కించి, తల్లిచెట్టు లేతకొమ్మ ఒకటి దాని పక్కకు వంచుతారు. రెండింటి బెరడూ వేలెడంత మేర చెక్కి, చెక్కిన చోట కలిపి, తడిపిన అరటినారతో చుట్టి ముడి వేస్తారు. మూడు నెలలు రోజూ నీళ్లు పోస్తే రెండూ ఒకటైపోతాయి. అప్పుడు రెండు కోతలు పడాలి. అతుకుకు పైన నాటుమొక్క తల కొయ్యాలి, అతుకుకు కింద తల్లికొమ్మ కాలు కొయ్యాలి. నాటు వేరు మీద తీపికొమ్మ నిలిచి కుండీతో పాటు చేతికొస్తుంది. అంతే పని. చెప్పడానికి ఇంతే.

నేను మంచె కింద కూర్చుని నార తడిపి అందించేదాన్ని. ఆకులన్నీ కలిసిపోయి ఉంటాయి కదా, ఏది దేని తలో ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను.

"నా ముడి చూడు," అన్నాడు. "ముడి ఏ దిక్కున్నదో ఆ దిక్కుదాని తల కొయ్యాలె. రెండో దిక్కుదాని కాలు కొయ్యాలె. గంతే. ఇగ మర్చిపోవు."

పుర్రచేత్తో చుట్టుకుంటూ వస్తే ముడి ఎప్పుడూ నాటుమొక్క వైపే పడేది. అది నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ముడి ఒక్కటే.

ఒక ఏడు తొలకరికి కచేరి నుంచి హుకుం వచ్చింది. హైదరాబాదులో సర్కారు పెద్ద భవనం పక్కన ఒక తోట ఉందట, ఊరి జనమంతా తిరిగే తోటట. అక్కడికి మా సంస్థానం తరఫున ఇరవై మామిడి అంటుమొక్కలు కానుకగా పోవాలి. తోట మీద అజమాయిషీ చేసే దరోగా ఆ కాగితాన్ని సంకలో పెట్టుకుని మూడు రోజులు ఊరంతా తిరిగాడు. ఆయన చెట్టు ఎక్కినవాడు కాదు, కాగితం ఎక్కినవాడు.

మా ఇంటాయన రెండు రోజుల్లో పంతొమ్మిది కట్టాడు. రెండోనాడు పొద్దుగూకే ముందు కంచె దగ్గర మంచెకు కర్ర తెస్తుంటే నిమ్మముల్లు ఎడమ అరచేతిలో దిగింది. తీసి పారేశాడు. తెల్లారేసరికి చెయ్యి మోచేతి దాకా పొంగింది. ఒళ్లు కాలిపోతోంది.

"పంతొమ్మిది చాలు పో," అన్నాను.

"ఇరవై అన్నరు. ఒక్కటి తక్కువైతే దరోగా మనిద్దర్ని తక్కువ చేస్తడు. జర నార అందియ్యి."

ఇరవయ్యోది కుడిచేత్తో కట్టాడు. వాచిన చెయ్యి గుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకుని, నార కొసను పళ్లతో పట్టి లాగాడు. వేరేవాడి చెయ్యి అరువు తెచ్చుకున్నట్టు ఉంది ఆ కట్టడం. దిగి వచ్చి పడుకున్నాడు. దవాఖానకు తీసుకుపోయారు. ఆరో రోజు పోయాడు.

ఇక్కడ ఏడుపు గురించి రాయాలి. నాకు రాలేదు. కల్వకుర్తి నుంచి మా అత్త వచ్చింది, వెంట మా మరిది వచ్చాడు. అత్త నేల మీద పడి పొర్లింది. నేను నిలబడి చూశాను. నాకు దుఃఖం లేదని కాదు, ఉందని కూడా చెప్పలేను. ఒంట్లో ఎక్కడా ఏమీ తగలలేదు. ఎవరో నీళ్లు పోస్తే పోయించుకున్నాను, గాజులు తీస్తే తీయించుకున్నాను.

"దీని కండ్లల్ల సుక్క నీళ్లు లేవు," అని అత్త వచ్చినవాళ్లందరికీ చూపించింది. నేనూ వాళ్లతో పాటు నన్ను చూసుకున్నాను. నిజమే, లేవు.

మూడోనాడు దరోగా గుడిసె ముందుకు వచ్చి, దూరంగా నిలబడి చెప్పాడు.

"పదకొండు దినాలు మైల. దేవునికి పోయే చెట్టు. మీ ఇంటోళ్లు ఎవరూ కొమ్మ ముట్టొద్దు, కుండీ ముట్టొద్దు."

"మల్ల నీళ్లెవరు పోస్తరు సాబ్?"

"వాన పోస్తది," అన్నాడు.

వాన ఆ ఏడు ముఖం చాటేసింది. ఆయన పోయిననాడు, మర్నాడు రెండు జల్లులు కొట్టి తొలకరి పోయింది. కుండీలో మట్టి ఎంత, గుప్పెడు. ఒక్కరోజు నీళ్లు తప్పితే నాటుమొక్క వాలిపోతుంది. మంచె మీద ఇరవై కుండీలు వరసగా నాకు కనబడుతూనే ఉన్నాయి, నలభై అడుగుల దూరంలో. అవి ఎండిపోతాయని నాకు తెలుసు. తెలిసినా గాబరా పుట్టలేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను.

తోటలో రోజూ కూర్చునే ఒక పెద్దమనిషి ఉండేవాడు. కృష్ణ ఒడ్డు ఊరు ఆయనది, మాటల్లో కన్నడం దొర్లేది. తన బావి పక్కవాడి పేర ఎక్కిందని ఆరేళ్లుగా కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. కచేరిలో అందరికీ ఆయన మొహం తెలుసు, కాగితం మాత్రం ఎవరికీ దొరకదు. ఆ రోజు తన రెండు కడవలు తల్లిచెట్టు మొదట్లో పోస్తూ తలెత్తి మంచె వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఇవిటికి నీళ్లు ఎంత పొయ్యాలె బిడ్డా?"

"ముంతెడు. మట్టి తడవాలె, మొక్క ఊగొద్దు."

"హౌదు," అన్నాడు, సరేనని. మంచె ఎక్కాడు. అరవై దాటిన మనిషి. పక్కన కూర్చున్నవాళ్లను పిలిచి కింది నుంచి ముంతలు అందించమన్నాడు. ఏ ఊరివాళ్లో, ఏ కేసులవాళ్లో, వాళ్లంతా వరసగా నిలబడి అందించారు. దరోగా వచ్చి ఏందిది అని గుడ్లురిమాడు.

"నీడల కూసున్నం సాబ్. రెండు కడవలు పోస్తున్నం. రివాజు," అన్నాడు పెద్దమనిషి.

రివాజును దరోగా ఏమనగలడు. పదకొండు దినాలూ అలాగే గడిచాయి. నేను గుమ్మంలో కూర్చుని "ఎక్కువైంది," "ఆ మూలది మర్చిపోయిన్రు" అని అరుస్తూ ఉండేదాన్ని. ఆ రోజుల్లో నేను మాట్లాడిన మాటలు అవే.

పన్నెండోనాడు అత్త దరోగా దగ్గరికి పోయింది. పెద్దకొడుకు పని చిన్నకొడుక్కి ఇప్పించమని అడిగింది. అది లోకరీతే, అత్తను తప్పు పట్టను. మరిదికి పని, గుడిసె. నేను పుట్టింటికి. పుట్టింట్లో అన్న ఉన్నాడు, వదిన ఉంది, అడవి అంచున రాళ్లచేను ఉంది. అక్కడ నాకు ఒక మూల దొరుకుతుంది, ఆ మూలలోనే ముసలిదాన్నవుతాను. అది నాకు స్పష్టంగా కనబడింది. అక్కడికి పోవద్దని మాత్రం ఆ మొద్దుబారిన మనసుకు కూడా తెలిసింది. దరోగా ముందుకు పోయి నిలబడ్డాను.

"అంట్లు కట్టినప్పుడు నార అందిచ్చింది నేను. దించేది కూడ నేనే దించుత సాబ్. మా మరిదికి మట్టి తవ్వుడు తెలుసు, ఇది తెల్వదు."

దరోగా లెక్క వేరు. కానుక పోవాలి, తన పేరు రావాలి. కాసేపు మీసం సవరించుకుని తీర్పు చెప్పాడు.

"దసరాకు ఇరవై కుండీలు పానంతోటి దించి నా ముందర పెట్టు. మాలీ పని నీకే. ఒక్కటి పోయినా నీ మరిదికి."

అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "మొగుడు పోయినందుకు ఏడ్వలేదు, పని పోతదని ఉరికొచ్చింది," అంది. అదే నిజమేమో అని నాకూ అనిపించింది.

తర్వాత మూడు నెలలు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. పొద్దున లేచి మోట తోలాను. మంచె ఎక్కాను, దిగాను. మట్టి ఆరిపోకుండా కుండీల మూతికీ, అతుకు కింద రెండింటి కాళ్లకీ కలిపి తడిగోనె చుట్టాను. పొద్దుగూకితే రొట్టె తిని పడుకున్నాను. నిద్ర వచ్చేది. మొగుడు పోయినదానికి నిద్ర రాకూడదు అనుకునేదాన్ని, అనుకుంటూనే నిద్రపోయేదాన్ని. చేతికి గాజులు లేకపోవడం వల్ల నార చిక్కుకోదు, పని తొందరగా అవుతుంది. ఆ సంగతి కూడా గమనించాను. అలాంటివన్నీ గమనించాను.

దసరా ముందు తలలు కోశాను. ముడి చూడు, ముడి దిక్కు తల కొయ్యి. ఒకటి, రెండు, మూడు. ఇరవై. వారం ఆగి కాళ్ల పని పట్టాను. గోనె విప్పకుండానే చాకు లోపలికి జొనిపి, ముడికి అవతలి దిక్కు కాలు కోస్తూ పోయాను. కోయగానే కుండీ కొమ్మతో సహా చేతిలోకి వచ్చేది. దించి కింద పెట్టేదాన్ని. కళ్లతో చూసి చేసిన పని కాదది. చెయ్యి చేసుకుంటూ పోయింది.

ఇరవయ్యోది కోశాను. కుండీ చేతిలోకి వచ్చింది. తేలిగ్గా వచ్చింది. చూస్తే కుండీలో జానెడు మోడు ఉంది. కొమ్మ లేదు. కొమ్మ పైన, తల్లిచెట్టునే పట్టుకుని ఉంది.

గోనె విప్పి చూశాను. నార చుట్లు మిగతావాటికి ఎదురుగా తిరిగి ఉన్నాయి. కుడిచేత్తో చుట్టాడు కాబట్టి ముడి తల్లికొమ్మ వైపు పడింది. ఆయన చెప్పింది చెప్పినట్టే చేశాను. ముడి దిక్కున తీపికొమ్మ తల కోశాను, రెండో దిక్కున నాటుమొక్క కాలు కోశాను. సరిగ్గా తలకిందులు. ఇప్పుడు నాటుమొక్క తల తల్లిచెట్టు కాలి మీద నిలబడి ఉంది. ఆ జ్వరంలో ఆయనకు ముడి ఎటు పడిందో గుర్తు లేదు. నాకు చెప్పలేదు. నేను చూడలేదు.

కింద పెద్దమనిషి తన చోట కూర్చుని చూస్తున్నాడు. కుండీ చూశాడు, నన్ను చూశాడు. రైతు కదా, చెప్పనక్కర లేదు.

"పోయింది పెద్దయ్యా."

"బిడు," అన్నాడు. వదిలెయ్యమని. కంచె వైపు చూసి, "నాటుమొక్కలు ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగాడు.

ఉన్నాయి. కంచె వెనక టెంకలు పాతిన మడిలో నాలుగైదు మిగిలాయి. మోడు పీకేసి, ఆ ఎత్తుదే ఒక నాటుమొక్కను కుండీలో పెట్టాను. అతుకులా కనబడేటట్టు నడుమన బెరడు చెక్కి, పేడమట్టి మెత్తి, నార చుట్టాను. ముడి నాటు దిక్కే వేశాను. అన్ని దిక్కులూ దానికి నాటు దిక్కులే. ఇరవై కుండీలు దరోగా ముందు వరసగా పెట్టాను. ఆయన వేలితో లెక్కపెట్టాడు. చెట్టు ఎక్కినవాడు కాదని చెప్పాను కదా.

బండి కట్టి కుండీలు హైదరాబాదు పంపారు. సర్కారు భవనం పక్క తోటలో పెట్టారని, మెచ్చుకున్నారని కాగితం వచ్చింది. కచేరిలో దరోగాకు శాలువా కప్పారు. నాకు పని ఖాయమైంది. అత్త మూట కట్టుకుని, "నీ చెయ్యి మంచిదైతే నా కొడుకు ఉండేటోడు," అని చెప్పి పోయింది. మరిది మళ్లీ మట్టిపని గుంపులో కలిశాడు. నేను అబద్ధం చెప్పి అతని నోటి దగ్గరి కూడు లాక్కున్నాను. అది తప్పే. అప్పుడు తప్పని కూడా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది, కానీ ఇప్పుడు తోచి ఎవరికి లాభం.

ఆ తర్వాత నాలుగేళ్లు, ఐదేళ్లు. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందన్నారు, గాసునూనె దొరకడం లేదన్నారు. నా రోజుల్లో మార్పేమీ రాలేదు. చెట్లకు నీళ్లు పెట్టాను, కంచె కత్తిరించాను, కొత్త అంట్లు కట్టాను. ఇక ముడి మాట వదిలేసి కాండం తడిమి చూసి కోసేదాన్ని. ఒక్కటీ పోలేదు. నవ్వవలసిన చోట నవ్వేదాన్ని. ఆడవాళ్లు మెచ్చుకునేవారు, గుండె గట్టిదని. గట్టిది కాదు. ఉందో లేదో తెలియనిదాన్ని గట్టిదని ఎలా అంటాం. పండుగ వచ్చినా, ఆయన దినం వచ్చినా ఒకటే. ఆయన మొహం గుర్తు చేసుకుంటే వచ్చేది, కానీ మొహంతో పాటు ఇంకేమీ వచ్చేది కాదు.

ఆ ఇరవయ్యోది మాత్రం చెట్టు మీదే పెరిగింది. తల్లిచెట్టు దానికి కూడా నీళ్లు తాపింది. అతుకు దగ్గర పిడికిలంత బుడిపె కట్టింది, పైన మోచేతి లావు కొమ్మ సాగింది. ఎవరూ పట్టించుకోలేదు. ఐదో ఏడు దానికి పూత వచ్చింది, పిందె పడింది. చిన్న కాయలు, పీచు కాయలు. నేను వాటిని విడిగా కోసి కంచె అవతల పారేస్తూ వచ్చాను. ఆ ఏడు తొలికాపు నేను జ్వరంతో పడుకున్న రోజున ఎవరో కోసి గంపకెత్తారు. ఆ గంపే కోటలో గుడికి పోయింది. నైవేద్యం అయ్యాక పూజారి ఒక పండు కొరికాడు. అది ఆ కొమ్మదై ఉండాలి.

మర్నాడు దరోగా వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగి, చివరికి ఆ కొమ్మ కనిపెట్టాడు.

"గీ కొమ్మకు ఏందో రోగం తగిలింది. చెట్టంత పాకుతది. ఆ బుడిపె కాడికి కొయ్యి. ఇప్పుడే, నా ముందర."

రంపం తీసుకుని ఎక్కాను. ఐదేళ్లలో దరోగా ఏది చెప్పినా చేశాను, ఇదీ చేసేదాన్నే. బుడిపె దగ్గర రంపం ఆనించబోతే బెరడు మీద గీతలు కనబడ్డాయి. నార ఎప్పుడో కుళ్లి రాలిపోయింది. అది బిగించిన గుర్తు మాత్రం బెరడులో దిగబడి మిగిలింది. నాలుగు చుట్లు. ఎదురు తిరిగిన చుట్లు. చివరన ఒక పల్లం, పళ్లతో లాగి బిగించిన ముడి పడ్డ చోటు. వేలు పెట్టి చూశాను. వేలు సరిగ్గా పట్టింది.

పంతొమ్మిది హైదరాబాదు పోయాయి. ఎక్కడున్నాయో, ఉన్నాయో లేవో. ఆయన చేత్తో కట్టినది నా కళ్ల ముందు మిగిలింది ఇదొక్కటే. అదీ నేను చెడగొట్టాను కాబట్టి మిగిలింది.

దిగాను. రంపం దరోగా కాళ్ల దగ్గర పెట్టాను.

"కొయ్య సాబ్."

"ఏమన్నవ్?"

"రోగం కాదు. మా ఇంటాయన కట్టిన అంటు. ఇరవయ్యోది. నేను కోత తప్పు కోసిన. మీరు హైదరాబాదుకు పంపిన ఇరవయ్యోది ఉత్త నాటుమొక్క. పని పోతదని నేనే పెట్టిన. పని తీస్తే తియ్యిన్రి. కొమ్మ కొయ్యనియ్య."

కచేరి కిటికీ తెరిచే ఉంది. దరోగా మొదట కిటికీ వైపు చూశాడు, తర్వాత నా వైపు. గొంతు తగ్గించాడు.

"హైదరాబాదుల ఉన్నది నాటుదా?"

"నాటుదే."

"సర్కారు తోటల?"

"సర్కారు తోటల."

ఆయన నా పని తీయాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే తనకు కప్పిన శాలువాకు జవాబు చెప్పాలి. అది ఆయన మొహంలో ఒక్కొక్క మెట్టే దిగడం నేను చూశాను.

"నోరు మూస్కొని ఉండు. ఇగ ఆ కొమ్మ కాయ గుడికి పోవద్దు," అన్నాడు. వెళ్లిపోయాడు. రంపం నేనే తీసి గుడిసెలో పెట్టాల్సి వచ్చింది.

తిరిగొచ్చి చెట్టు కింద కూర్చున్నాను. ఆ చెట్టుకు నేను ఎన్నేళ్లు నీళ్లు పెట్టానో, దాని నీడలో ఊరికే కూర్చోవడం అదే మొదలు. పక్కన ఆ కొమ్మ పండు ఒకటి రాలి ఉంది. తుడిచి కొరికాను. పులుపు పళ్లను జివ్వుమనిపించి చెవుల దాకా పాకింది, కళ్లు మూతపడ్డాయి. ఉమ్మబోయాను. ఉమ్మలేదు. రెండోసారి కొరికాను.

అప్పుడు నాకు ఆయన కావాలనిపించింది. ఆ వాచిన చెయ్యి, ఆ గుడ్డ, నార కొస పట్టిన ఆ పళ్లు. పంతొమ్మిది చాలని ఇంకొక్కసారి గట్టిగా ఎందుకు అనలేదని నా మీద కోపం వచ్చింది. ఇరవై అన్నందుకు ఆయన మీద ఇంకా కోపం వచ్చింది. ఐదేళ్ల నుంచి ఒక్కదాన్నే రొట్టె తింటున్నానని, ఆ సంగతి ఇప్పుడే ఎవరో చెప్పినట్టు, తెలిసింది. టెంక చేతిలో పట్టుకుని బిగ్గరగా ఏడ్చాను. తోటలో అర్జీలవాళ్లంతా చూశారు. కిటికీలోంచి పేష్కారు చూశాడు. ఎవరూ దగ్గరికి రాలేదు, ఏమైందని అడగలేదు. అక్కడ ఎవరో ఒకరు ఏడవడం కొత్తేమీ కాదు. ఆ ఏడ్చేది మాలీ కావడమే కొత్త.

పెద్దమనిషి కాగితం ఇంకా దొరకలేదు, ఆయన అక్కడే ఉన్నాడు. నా ఏడుపు ఆగేదాకా తన చోట కూర్చున్నాడు. పొద్దు వాలుతుంటే లేచి తన రెండు కడవలు పోశాడు. ఖాళీ కడవ తెచ్చి నా ముందు పెట్టాడు.

"నువ్వు గూడ నీడల కూసున్నవు బిడ్డా," అన్నాడు.

లేచి మోటబావి కాలువ దగ్గరికి పోయాను. రెండు కడవలు తెచ్చి చెట్టు మొదట్లో పోశాను.